సముద్ర విజ్ఞానానికి ఎల్లలు చెరిపిన శాస్త్రవేత్త డాక్టర్ పణిక్కర్

పెద్దలు ప్రళయకావేరి అని పిలుచుకునే పులికాట్ సరస్సును రెండు రాష్ట్రాలు పంచుకుంటున్నాయి. ఉత్తరాన తడ, సూళ్లూరుపేట ప్రాంతపు తెలుగు పల్లెలు; దక్షిణాన పళవేర్కాడు చుట్టుప్రక్కల తమిళ పల్లెలు. పడవకు హద్దు ఉన్నది, వలకు హద్దు ఉన్నది. ఆ హద్దుల కారణంగా తగవులూ జరిగాయి. కాని ఆ నీటిలో పెరిగే తెల్లరొయ్యకు హద్దు తెలియదు. తల్లిరొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. పిల్లలు అలల వాలున కొట్టుకువచ్చి, ముఖద్వారం గుండా సరస్సులో ప్రవేశించి, అక్కడ పెరిగి, తిరిగి కడలికి చేరుకుంటాయి. ఒక ఒడ్డున నిలిచి చూచేవారికి ఆ జీవితంలో ఒక భాగమే కనిపిస్తుంది. మొత్తం తెలియాలంటే సరస్సువారూ, సముద్రంవారూ, ఇటువారూ, అటువారూ తాము చూచినది ఒకచోట చేర్చవలసిందే.

ఈ చిన్న సత్యాన్ని ఒక మహాసముద్రమంతటికీ వర్తింపజేయడానికి పాటుపడిన శాస్త్రవేత్త డాక్టర్ నీలకంఠ కేశవ పణిక్కర్. మద్రాసు ఉప్పుటేళ్లలో రొయ్యలనూ, చిన్న జీవులనూ పరిశీలిస్తూ ఆయన పరిశోధన మొదలైంది. అక్కడినుండి ఐక్యరాజ్యసమితి విద్యా విజ్ఞాన సాంస్కృతిక సంస్థ (యునెస్కో) ఆధ్వర్యంలోని అంతర్ ప్రభుత్వ సముద్ర విజ్ఞాన కమిషన్ అధ్యక్ష పీఠం వరకు ఆయన ప్రయాణం సాగింది. నేడు సముద్రతీర గ్రామాలకు అందుతున్న అనేక సేవల వెనుక ఆయన తరం వేసిన పునాది ఉన్నది.

విద్యాభ్యాసం

పణిక్కర్ 1913లో నేటి కేరళ రాష్ట్రంలో జన్మించారు. ఉన్నత విద్య కోసం మద్రాసు చేరుకున్నారు. ఆనాడు మద్రాసు రాజధాని దక్షిణాది భాషలవారందరికీ ఉమ్మడి చదువుల కూడలి. తెలుగు, తమిళ, మలయాళ, కన్నడ విద్యార్థులు ఒకే విశ్వవిద్యాలయంలో అభ్యసించేవారు. అక్కడి జంతుశాస్త్ర పరిశోధనాలయానికి ప్రొఫెసర్ ఆర్. గోపాల అయ్యర్ సారథ్యం వహించేవారు. సముద్రం ప్రక్కనే ఉండగా జంతుశాస్త్రాన్ని కేవలం పుస్తకాలలో వెదకరాదన్న పట్టుదల గల ఆచార్యుడాయన. ఆయన శిక్షణలో పణిక్కర్ ఉప్పుటేరు జీవుల అధ్యయనానికి పూనుకున్నారు.

అడయారు నది మద్రాసు నగరంలో సముద్రాన్ని కలుస్తుంది. ఎండాకాలంలో ఇసుక మేట ముఖద్వారాన్ని మూసివేస్తుంది. వానలు కురిసి వరద వచ్చినప్పుడు మేట తెగి నది కడలిలో కలుస్తుంది. దానివలన ఆ నీటిలో ఉప్పు శాతం ఏడాది పొడవునా మారుతూనే ఉంటుంది. ఒక నెలలో దాదాపు మంచినీరు, మరొక నెలలో సముద్రమంత ఉప్పు. ఇంతటి మార్పుకు తట్టుకొని బ్రతికే జీవులేవి? ఎలా బ్రతుకుతున్నాయి? ఈ ప్రశ్నలతో గురుశిష్యులిద్దరూ కలిసి మద్రాసు ఉప్పుటేళ్ల జీవజాలంపై ఒక విపులమైన పరిశోధనా వ్యాసాన్ని 1937లో ప్రకటించారు. ఆ రంగంలో మన దేశంలో వెలువడిన తొలినాటి ప్రామాణిక రచనలలో అది ఒకటి.

రొయ్య చెప్పిన రహస్యం

అనంతరం పణిక్కర్ ఉన్నత పరిశోధనకై ఇంగ్లండు వెళ్లారు. రెండవ ప్రపంచ యుద్ధం ముంచుకువచ్చిన రోజులవి. ఆ కల్లోలం నడుమనే ఆయన రొయ్యలపై పరిశోధన సాగించి, 1940, 1941 సంవత్సరాలలో ముఖ్యమైన ఫలితాలను ప్రకటించారు.

ఊరగాయ జాడీలో వేసిన మామిడి ముక్కనుండి ఉప్పు నీటిని లాగివేయడం ప్రతి ఇంటా చూచేదే. సముద్రంలో ఉండే అనేక జీవుల శరీరాలకూ అదే ప్రమాదం పొంచి ఉంటుంది. మంచినీటిలోనైతే ఇందుకు విరుద్ధంగా నీరు శరీరంలోనికి చొరబడుతుంది, లోపలి లవణాలు బయటకు జారిపోతాయి. పణిక్కర్ పరిశీలించిన రొయ్యలు ఈ రెండు ప్రమాదాలనూ జయించగలవని తేలింది. ఉప్పు ఎక్కువైన నీటిలో తమ రక్తాన్ని ఆ నీటికంటె తక్కువ ఉప్పుతోనూ, ఉప్పు తగ్గిన నీటిలో ఆ నీటికంటె ఎక్కువ ఉప్పుతోనూ అవి నిలుపుకోగలుగుతున్నాయి. బయట నీరు ఎంత మారినా లోపలి సమతుల్యం పెద్దగా చెదరదు.

మరొక విశేషాన్నీ ఆయన ప్రతిపాదించారు. నీరు వెచ్చగా ఉన్నప్పుడు ఈ పని జీవులకు సులభమవుతుంది. అందువలననే ఉష్ణదేశాలలో సముద్ర జీవులు ఉప్పుటేళ్లలోకీ, నదులలోకీ చొచ్చుకురాగలుగుతున్నాయి; శీతల దేశాలలో అంతగా రాలేకపోతున్నాయి. అంటే చల్లని సముద్రాలను చూచి వ్రాసిన సూత్రాలు వెచ్చని సముద్రాలకు యథాతథంగా వర్తించవు. మన సముద్రాన్ని మన తీరంలోనే, మనవారే పరిశోధించాలన్న భావానికి ఇంతకంటె బలమైన శాస్త్రీయ ఆధారం మరొకటి అవసరం లేదు.

మద్రాసులో మొదలైన మత్స్య పరిశోధన

స్వదేశానికి తిరిగివచ్చిన పణిక్కర్ మద్రాసు విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర పరిశోధనాలయానికి డైరెక్టరుగా పనిచేశారు. యుద్ధమూ, 1943 నాటి బెంగాల్ కరవూ దేశాన్ని క్రుంగదీసిన కాలమది. ప్రజలకు ఆహారం పెంచే మార్గాలలో చేపల వేట ఒకటని ప్రభుత్వం గుర్తించింది. ఫలితంగా 1947 ఫిబ్రవరి 3వ తేదీన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా కేంద్రం ఆవిర్భవించింది. దానికి తొలి నీడనిచ్చినది మద్రాసు విశ్వవిద్యాలయ పరిశోధనాలయమే. 1949లో అది రామేశ్వరం దారిలోని మండపానికి తరలింది. పూర్వం సింహళ తోటలకు వెళ్లే కూలీలను నిలిపి పరీక్షించిన శిబిరపు కట్టడాలే అక్కడ పరిశోధనా శాలలైనాయి.

1950 నుండి 1957 వరకు పణిక్కర్ ఆ కేంద్రానికి అధిపతిగా వ్యవహరించారు. తీరం పొడవునా ఏ రేవులో ఏ చేప ఎంత పడుతున్నదో శాస్త్రీయంగా లెక్కకట్టే పద్ధతి ఆ దశకంలోనే రూపుదిద్దుకుంది. అంతవరకు సముద్ర సంపద గురించి చెప్పినదంతా ఊహే. 1954లో భారతీయ మత్స్య శాస్త్ర పత్రిక ప్రారంభమైంది.

దేశాల మధ్య కలిసి పనిచేయడంలోని మేలు కూడ ఆ రోజులలోనే అనుభవానికి వచ్చింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ అండతో 1948లో ఏర్పడిన ఇండో పసిఫిక్ మత్స్య మండలి తన మూడవ సమావేశాన్ని 1951 ఫిబ్రవరిలో మద్రాసులో జరిపింది. అప్పుడప్పుడే స్వతంత్రమైన ఆసియా దేశాల ప్రతినిధులు తమ తమ తీరాల సమస్యలను ఒకే బల్లచుట్టూ కూర్చొని ముచ్చటించారు. 1952లో ఐక్యరాజ్యసమితి, నార్వే, భారతదేశం కుదుర్చుకున్న ఒప్పందం ఫలితంగా కేరళ తీరంలో మరపడవలు ప్రవేశించాయి.

ఇదే కాలంలో తెలుగునాట మరొక దీపం వెలిగింది. అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ 1952–53లోనూ, మరల 1955–56లోనూ వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి విచ్చేసి, మన విద్యార్థులకు సముద్ర భౌతిక శాస్త్రంలో శిక్షణనిచ్చారు. నౌకాదళపు ఓడలలో బంగాళాఖాతంపై కొలతలు తీయించారు.

మేలూ, కీడూ

1957లో పణిక్కర్ భారత ప్రభుత్వానికి మత్స్యాభివృద్ధి సలహాదారుగా నియమితులైనారు. 1962 వరకు ఆ పదవిలో ఉన్నారు. మరపడవలు, మంచు కర్మాగారాలు, రొయ్యల ఎగుమతి విస్తరించిన కాలమది. ఒకప్పుడు ఎండబెట్టి తక్కువ ధరకు అమ్ముకున్న రొయ్య విదేశీ ద్రవ్యం తెచ్చే సరకైంది.

అయితే ఆ మార్పు అందరికీ సమానమైన మేలు చేయలేదు. అడుగు దేవుకుపోయే మరపడవల వలలకూ, కట్టుమరం మీద బ్రతికే పేద మత్స్యకారులకూ మధ్య 1970లలో మద్రాసు తీరంలోనూ ఘర్షణలు చెలరేగాయి. వేటకు హద్దులు నిర్ణయించే చట్టాలు తమిళనాడులో 1983లో, ఆంధ్రప్రదేశ్‌లో 1994లో గాని రాలేదు. పట్టుకునే శక్తి పెరిగినంత వేగంగా కాపాడే కట్టుబాటు పెరగకపోవడం ఆ తరం విధానాలలోని లోపం. ఎంత పట్టవచ్చునో చెప్పాలంటే సముద్రంలో ఎంత ఉన్నదో తెలియాలి. అది తెలుసుకోవడం ఏ ఒక్క దేశానికీ సాధ్యం కాని పని.

ఎవరికీ తెలియని మహాసముద్రం

1950ల చివరి వరకు ప్రపంచంలోని పెద్ద సముద్రాలలో శాస్త్రజ్ఞులకు అతి తక్కువగా తెలిసినది హిందూ మహాసముద్రమే. 1872–76లో ప్రపంచయాత్ర చేసిన బ్రిటిషు నౌక ఛాలెంజర్ దాని దక్షిణపు అంచును మాత్రమే దాటిపోయింది. 1933–34లో మబాహిస్ అనే ఈజిప్టు నౌక అరేబియా సముద్రాన్ని శోధించినా, సేకరించిన జీవుల నమూనాలు లండను మ్యూజియానికి చేరాయి. కాని ప్రపంచ జనాభాలో పెద్ద భాగం ఈ సముద్రం చుట్టూ నివసిస్తున్నది. ఆరు మాసాలకొకసారి గాలి దిశ మారి, దానితోపాటు ప్రవాహాలూ తిరగబడే విచిత్రం మరే మహాసముద్రంలోనూ ఇంత పెద్ద ఎత్తున లేదు. రైతు ఎదురుచూచే ఋతుపవనాల గుట్టు ఆ నీటిలోనే ఉన్నది.

1957లో ఏర్పడిన అంతర్జాతీయ సముద్ర పరిశోధనా శాస్త్ర కమిటీ ఈ కొరతను తీర్చడానికి పూనుకున్నది. ఆ విధంగా రూపొందినదే 1959 నుండి 1965 వరకు సాగిన అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్ర. 1960లో యునెస్కో నెలకొల్పిన అంతర్ ప్రభుత్వ సముద్ర విజ్ఞాన కమిషన్ 1962 నుండి దాని సమన్వయ బాధ్యతను స్వీకరించింది. మన దేశంలో భూగర్భ శాస్త్రవేత్త డి.ఎన్. వాడియా అధ్యక్షతన 1960లో జాతీయ కమిటీ ఏర్పడింది. భారత కార్యక్రమానికి డైరెక్టరుగా 1962లో పణిక్కర్ బాధ్యతలు చేపట్టారు.

ఆ యాత్రలో 40కి పైగా నౌకలు పాల్గొన్నాయి. అమెరికా, సోవియట్ యూనియన్ ఒకదానినొకటి అనుమానించుకునే రోజులలో రెండు దేశాల నౌకలూ ఒకే పథకం క్రింద ఒకే సముద్రాన్ని కొలిచాయి. ఒకప్పుడు అమెరికా అధ్యక్షుడి విహారనౌకగా ఉన్న విలియమ్స్‌బర్గ్ పరిశోధనా నౌకగా మారి, సముద్ర విజ్ఞాన కమిషన్ తొలి అధ్యక్షుడైన డెన్మార్కు శాస్త్రవేత్త ఆంటన్ బ్రూన్ పేరు ధరించింది. 1963లో అది బంగాళాఖాతంలోనూ సంచరించింది. భారత నౌకాదళం తన యుద్ధనౌక కిస్ట్నాను ఈ పనికి కేటాయించింది. మన కృష్ణానది పేరే ఆ నౌకకు పెట్టారు. పాకిస్తాన్ కూడ జుల్ఫికర్ అనే నౌకను ఈ యాత్రకు పంపింది. 1962లో చైనాతో, 1965లో పాకిస్తాన్‌తో యుద్ధాలు జరిగిన ఆ కాలంలోనే ఉమ్మడి సముద్రానికి ఉమ్మడి లెక్క తయారవుతూ వచ్చింది.

ఒకే వల, ఒకే కొలత

ఎన్నో దేశాల నౌకలు కలిసి పనిచేయడంలో పెద్ద చిక్కు కొలతల తేడా. ఒకరి కుంచం మరొకరి కుంచంతో సరిపోకపోతే ధాన్యం లెక్క తేలనట్లే, ఒక్కొక్క నౌక ఒక్కొక్క రకం వల వేస్తే ఫలితాలను పోల్చడానికి వీలుండదు. అందుకని నీటిలో తేలియాడే అతి చిన్న జీవులను పట్టడానికి హిందూ మహాసముద్ర ప్రామాణిక వల అని ఒకే నమూనాను నిర్ణయించారు. 200 మీటర్ల లోతునుండి నీటి పైభాగం వరకు నిలువుగా లాగాలన్నది నియమం. చేపలకూ, రొయ్యలకూ మేత ఎక్కడ సమృద్ధిగా ఉన్నదో ఈ చిన్న జీవులే చెబుతాయి.

అంతకంటె కీలకమైన ప్రశ్న మరొకటి ఉన్నది. పట్టిన నమూనాలు ఎక్కడికి పోవాలి? పూర్వాచారం ప్రకారమైతే ఏ నౌక పట్టినది ఆ దేశపు మ్యూజియానికి పోతుంది. తీరవాసులకు మిగిలేది ఏమీ ఉండదు. యునెస్కో సహకారంతో ఈసారి వేరొక ఏర్పాటు జరిగింది. ప్రామాణిక వలతో పట్టిన నమూనాలను కొచ్చిన్‌లో 1962లో నెలకొల్పిన హిందూ మహాసముద్ర జీవశాస్త్ర కేంద్రానికి చేర్చాలని నిర్ణయించారు. వెయ్యికి మించిన నమూనాలు వివిధ దేశాల నౌకలనుండి అక్కడికి చేరాయి. మన యువ శాస్త్రజ్ఞులు విదేశీ నిపుణుల వద్ద శిక్షణ పొంది, వాటిని జాతులవారీగా వేరుచేశారు. పిదప ప్రపంచ నిపుణులు ఆ వర్గాలను అధ్యయనం చేశారు. పణిక్కర్ సంపాదకత్వాన 1968 నుండి వెలువడిన పటాల సంపుటాలు ఏ జీవి ఎక్కడ, ఏ ఋతువులో, ఎంతగా ఉన్నదో మొదటిసారిగా మహాసముద్రమంతటికీ చూపించాయి.

సముద్రం ఎవరి ముంగిట ఉన్నదో దాని విజ్ఞానం కూడ అక్కడే నిలవాలి. కాని అది అందరికీ తెరచి ఉండాలి. ఈ రెండు ధర్మాలనూ ఒకేసారి నిలబెట్టిన ఏర్పాటది. పణిక్కర్ జీవితకృషిలో మకుటాయమానమైనది ఇదేనని చెప్పవచ్చు.

యాత్ర ఇతర ఫలితాలూ చిన్నవి కావు. సోమాలియా తీరపు ఉధృత ప్రవాహపు తీరుతెన్నులు వెల్లడైనాయి. అడుగు నీరు పైకి ఉబికివచ్చి మేతను సమృద్ధిగా పెంచే చోట్లు తెలిశాయి. బొంబాయిలో ఏర్పడిన అంతర్జాతీయ వాతావరణ కేంద్రం ఋతుపవనాల అధ్యయనానికి తోడ్పడింది. సముద్ర గర్భంలోని పర్వతశ్రేణులు పటానికెక్కాయి.

అధ్యక్ష పీఠం, గోవా సంస్థ

1964లో పణిక్కర్ అంతర్ ప్రభుత్వ సముద్ర విజ్ఞాన కమిషన్‌కు అధ్యక్షులుగా ఎన్నికైనారు. స్వాతంత్ర్యం వచ్చి రెండు దశాబ్దాలైనా నిండని దేశానికి చెందిన శాస్త్రవేత్తకు, పెద్ద నౌకలు గల దేశాలన్నీ సభ్యులుగా ఉన్న సంఘానికి అధ్యక్షత దక్కడం సామాన్యమైన గౌరవం కాదు.

యాత్ర ముగిసిన తరువాత పోగుచేసిన పరికరాలూ, శిక్షణ పొందిన యువకులూ చెల్లాచెదరు కాకుండా 1966 జనవరి 1వ తేదీన జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ స్థాపితమైంది. దానికి పణిక్కర్ వ్యవస్థాపక డైరెక్టరు. ఢిల్లీలో ఆరంభమైన ఆ సంస్థ గోవాలోని దోనాపౌలాలో స్థిరపడింది. వాల్తేరులో చదివిన డాక్టర్ వి.వి.ఆర్. వరదాచారి 1980లలో అదే సంస్థకు డైరెక్టరైనారు.

పరిపాలనా భారం నడుమ కూడ పణిక్కర్ గ్రంథపఠనాన్ని విడువలేదు. టి.ఎం. శ్రీనివాసన్‌తో కలిసి ప్రాచీన భారతదేశంలో ఆటుపోటుల గురించిన భావనలపై 1971లో ఒక వ్యాసం వ్రాశారు. ఓడల నిర్మాణాన్ని వివరించే కప్పల్ శాత్తిరం అనే తమిళ గ్రంథంపై మరొకటి ప్రకటించారు. తీరవాసుల అనుభవ జ్ఞానం కూడ శాస్త్రంలో భాగమేనని ఆయన భావించారనడానికి ఈ వ్యాసాలే నిదర్శనాలు.

గీతలు గీసిన కాలం

1973లో గోవా సంస్థ బాధ్యతలనుండి తప్పుకొని, 1974లో కొచ్చిన్ విశ్వవిద్యాలయ ఉపాధ్యక్ష పదవిని స్వీకరించారు. అప్పటికి లోకం తీరు మారుతున్నది. సముద్రపు హక్కులపై ఐక్యరాజ్యసమితి మహాసభ 1973లో మొదలైంది. 1974, 1976 సంవత్సరాలలో భారతదేశం, శ్రీలంక సముద్రంపై సరిహద్దు గీతలు గీసుకున్నాయి. 1976లో భారత పార్లమెంటు 200 నాటికల్ మైళ్ల వరకు ఆర్థిక మండలాన్ని ప్రకటించే చట్టం చేసింది.

ఈ గీతలు కొంతవరకు అవసరమే. లేనియెడల బలమైన దేశాల నౌకలు మన తీరాన్ని ఊడ్చుకుపోయేవి. అయితే గీతకు అటుప్రక్క కొలతలు తీయాలంటే పరాయి దేశపు అనుమతి కావలసివచ్చింది. గీత దాటిన జాలరి చెరసాల పాలైనాడు. చేప మాత్రం ఎప్పటివలెనే అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నది. పణిక్కర్ 1977లో పరమపదించారు.

ఆయన తరువాత

ఆయన మరణించిన రెండేళ్లకు, 1979లో బంగాళాఖాత కార్యక్రమం మద్రాసు కేంద్రంగా ఆరంభమైంది. భారతదేశం, బంగ్లాదేశ్, శ్రీలంక, మలేసియా, థాయిలాండ్ దేశాల చిన్న మత్స్యకారుల కోసం ఉద్దేశించినదది. అలలు విరిగే తీరంలో దిగగల పడవల రూపకల్పన వంటి పనులు చేపట్టింది. 2003లో అది భారతదేశం, బంగ్లాదేశ్, శ్రీలంక, మాల్దీవుల ప్రభుత్వాల ఉమ్మడి సంస్థగా మారింది. అప్పుడు కూడ చెన్నైయే దాని కేంద్రమైంది. 1993లో చెన్నైలో ఏర్పడిన జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ సముద్రంలో తేలియాడే కొలత పరికరాలను నిలిపింది.

2004 డిసెంబరు 26 నాటి సునామీ రెండు లక్షలకు పైగా ప్రాణాలను బలిగొన్నది. హిందూ మహాసముద్రానికి అప్పటికి ముందస్తు హెచ్చరిక వ్యవస్థ లేదు. సుమత్రా వద్ద పుట్టిన అల మన తీరం చేరడానికి రెండు గంటలకు పైగా వ్యవధి ఉన్నా కబురు అందలేదు. దేశాలు కలిసి పనిచేయకపోతే చెల్లించవలసిన మూల్యమేమిటో ఆనాడు పులికాట్ తీర గ్రామాలవారూ కళ్లారా చూచారు. ఆ తరువాత హెచ్చరిక వ్యవస్థను సమన్వయపరచినది పణిక్కర్ అధ్యక్షత వహించిన ఆ కమిషనే. హైదరాబాదులోని భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రంలో 2007లో సునామీ హెచ్చరిక కేంద్రం ఏర్పడింది. 2011 నుండి ఇండోనేసియా, ఆస్ట్రేలియాలతోపాటు అది మహాసముద్రపు ఇతర దేశాలకూ హెచ్చరికలు అందించసాగింది. చేపలు దొరికే తావుల సమాచారాన్ని మత్స్యకారులకు చేరవేసినదీ ఆ సంస్థే. తొలి యాత్ర ముగిసిన 50 ఏళ్లకు, 2015 డిసెంబరులో గోవాలో రెండవ అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్ర ప్రారంభమైంది.

సరిహద్దు గ్రామాలవారికి ఈ జీవితం బోధించే పాఠం స్పష్టమైనది. పరిపాలనకు హద్దులు కావాలి, వాటిని గౌరవించాలి. కాని నీటి లెక్క, చేప లెక్క, తుఫాను కబురు హద్దు దగ్గర ఆగిపోతే ఇరువైపులా నష్టమే. ఒకే వల, ఒకే కొలత, అందరికీ తెరచిన లెక్కల పుస్తకం అన్న నియమాన్ని ఒక మహాసముద్రంలో అమలుచేసి చూపినవారున్నప్పుడు, ఒక సరస్సు చుట్టూ అది అసాధ్యం కానేకాదు. ముఖద్వారంలో ఇసుక ఎప్పుడు మేట వేస్తున్నది, రొయ్యపిల్ల ఏ నెలలో లోనికి వస్తున్నది, ఏ నెలలో వల ఎత్తి ఉంచాలి అన్న విషయాలను రెండు ఒడ్డులవారూ కూర్చొని ఒకే పుస్తకంలో వ్రాసుకున్ననాడు, డాక్టర్ పణిక్కర్‌కు అంతకు మించిన నివాళి మరొకటి ఉండదు.